కోర్టు కబుర్లు: ‘ఒప్పుకున్నాను’ అన్నాక

ఆబిడ్సు జి.పి.ఓ. దగ్గర బస్సు దిగి నాంపల్లి వైపు నడిచేవాళ్ళలో ప్రతిరోజూ కొందరుంటారు. వాళ్ళు రైలు ఎక్కబోయేవాళ్ళూ కారు, జనవరిలో అయినా ఎగ్జిబిషను చూడబోయేవాళ్ళూ కారు. చేతిలో నలిగిన సమన్ల కాగితం, పక్కన ఓ బావమరిదో, పొరుగింటి పెద్దమనిషో. వాళ్ళ గమ్యం నాంపల్లి క్రిమినల్ కోర్టులు. దారి పొడుగునా ఆ పెద్దమనిషి సలహా ఒక్కటే: “ఒప్పేసుకో నాయనా! జరిమానా పారేసి మధ్యాహ్నం భోజనానికల్లా ఇంట్లో వుండొచ్చు. లేకపోతే వాయిదాల మీద వాయిదాలు.”

సలహా ఇచ్చేవారి మనసు మంచిదే. వాయిదాల బాధ పడినవాడికి గాని తెలియదు. హెల్మెట్టు లేని కేసుకి అంతకన్న ఆలోచన అక్కర్లేదు కూడాను. కాని వీధిలో జరిగిన కొట్లాటకీ, బండి తగిలి మనిషి గాయపడిన కేసుకీ ఇదే మంత్రం చదివితే ఎట్లా? తప్పు చేశాడో లేదో ఆ కుర్రవాడినెవరూ అడగరు. ఎంత తొందరగా బయటపడతాడన్నదే లెక్క.

మరి కోర్టులో ఒకసారి ‘ఒప్పుకున్నాను’ అన్నాక, జడ్జీగారు సరేనని రాసుకున్నాక, ఆ మాట మళ్ళీ వెనక్కి వస్తుందా? జడ్జీగారు తాను తీసుకున్న ఒప్పుకోలును తానే పక్కన పెట్టవచ్చునా?

పెట్టవచ్చు. అయితే దానికో గడువుంది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ మాట ఒకటే. ముద్దాయి నేరం ఒప్పుకుంటే జడ్జీ దాన్ని రాసుకోవలసిందే. కాని దాని మీద శిక్ష వేయడం, వేయకపోవడం ఆయన విచక్షణ. ఈ మనిషికి అభియోగం అర్థం కాలేదనో, ఎవరో భయపెట్టారనో, చెప్పినదానికీ కేసుకీ పొంతన లేదనో తోస్తే ఒప్పుకోలును అవతల పెట్టి సాక్షులను పిలిపించవచ్చు. తీర్పు మీద సంతకం పడ్డాక మాత్రం, రాతపొరపాట్లు తప్ప, ఆయన ఏమీ మార్చలేరు. ఇక పై కోర్టే దిక్కు.

ఆ పై కోర్టు తలుపైనా పూర్తిగా తెరిచి వుండదు. నేరం ఒప్పుకుని శిక్ష పడినవాడికి ‘శిక్ష ఎక్కువైంది’ అనో, ‘ఈ శిక్ష చట్టప్రకారం చెల్లదు’ అనో తప్ప మామూలుగా అప్పీలు లేదు. ‘అసలు నేను నేరం చెయ్యలేదు’ అనే అప్పీలు పోయినట్టే. మధ్యాహ్న భోజనానికి ఇంట్లో వుండటానికి చెల్లించే మూల్యం ఇది. దారిలో ఆ పెద్దమనిషి దీన్ని చెప్పడు. ఆయనకీ తెలియదు.

అందుకే సుప్రీంకోర్టు మహంత్ కౌశల్యదాస్ కేసులో ఒక పట్టు పట్టింది. అది మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసు. ఆ తీర్పు 1966 నాటి రిపోర్టులలో వుంది. ముద్దాయి ఒప్పుకోలును వీలైనంతవరకు అతను పలికిన మాటల్లోనే రాయాలన్నది. ఇది చాదస్తం కాదు. “అక్కడ వున్న మాట నిజమే, కాని నేను కొట్టలేదండీ” అన్నదాన్ని గుమాస్తా ‘నేరం అంగీకరించాడు’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తే, అప్పీలు హక్కు ఆ రెండు ముక్కల్లోనే మునిగిపోతుంది కదా!

తిప్పేస్వామి కేసు మరీ విడ్డూరం. కర్ణాటకలో నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిన కేసు అది. జరిమానాతో సరిపెడతారన్న భరోసా మీద ముద్దాయి ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు జరిమానాయే వేశాడు. తరువాత హైకోర్టు అది చాలదని జైలుశిక్షకు పెంచింది. ఆశ చూపి ఒప్పించి, ఆ ఒప్పుకోలు మీదే జైలుకు పంపడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని 1980ల తొలినాళ్ళలో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్షను మాత్రమే కాదు, దోషి అన్న నిర్ణయాన్ని కూడా కొట్టేసి, అతను తన వాదన చెప్పుకునేలా కేసును మొదటికి పంపింది. జరిమానా కట్టి దులుపుకుపోయాననుకున్న మనిషి ఎన్ని మెట్లెక్కవలసి వచ్చిందో చూడండి!

ఇంగ్లండులో 1969లో ప్రభువుల సభ దాకా వెళ్ళిన మాంచెస్టరు కేసులోనూ ఇదే చిక్కు. ఒక కుర్రవాడు నేరం ఒప్పుకున్నాడు. శిక్ష వేసేలోగా మాట మార్చుకోనివ్వమన్నారు. మాకిక అధికారం లేదన్నారు మేజిస్ట్రేట్లు. శిక్ష వేసేదాకా అధికారం వున్నదని ప్రభువులు తేల్చారు.

మన దేశంలో లోకమంతా చూసిన ఉదాహరణ బొంబాయి దాడుల కసబ్. 2009 జూలై 20న, విచారణ నడుస్తుండగా, హఠాత్తుగా లేచి నేరం ఒప్పుకున్నాడు. అతనిపై జాలిపడేవారెవరు? అయినా జడ్జీ తహలియానీ ఆ మాటతోనే కేసు ముగించలేదు. అతను చెప్పినదాన్ని రికార్డులో వుంచి సాక్ష్యాలు వింటూ పోయారు. 2010 మే 3న దోషి అని తీర్పు చెప్పారు. ఆ తొమ్మిది నెలలూ వృథా అన్నవారున్నారు. నాకు మాత్రం అట్లా తోచదు.

నాంపల్లిలోనే జరిగిన మరో సంగతి వుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. ఆ కేసులో ముద్దాయి అసీమానంద 2010 డిసెంబరులో ఢిల్లీలో మేజిస్ట్రేటు ముందు నేరం చేశామని వాంగ్మూలమిచ్చి, తరువాత కాదన్నాడు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు ఆ మాట మీద శిక్ష వేయడానికి ఒప్పుకోలేదు. విచారణకు వచ్చిన అయిదుగురినీ విడిచిపెట్టింది. విచారణకు ముందు ఇచ్చే వాంగ్మూలం వేరు, కోర్టులో అభియోగానికి జవాబుగా చెప్పే ఒప్పుకోలు వేరు; రెండింటినీ కలపకూడదు. ఆ తీర్పు కొందరికి నచ్చింది, కొందరికి మండింది. చనిపోయినవారి ఇళ్ళలో మాత్రం ‘మరి చేసిందెవరు?’ అన్న ప్రశ్న అట్లాగే మిగిలింది.

పెద్ద కేసుల్లో ప్లీడర్లుంటారు, పత్రికలుంటాయి, జడ్జీకి తీరిక వుంటుంది. చిన్న కేసుకి ఇవేవీ వుండవు. ఫైళ్ళ గుట్ట ముందు కూర్చున్న మేజిస్ట్రేటుగారికి, తలవంచుకుని ‘ఆఁ’ అన్న కుర్రవాడి మొహంలోకి చూసే వ్యవధి ఎంత? రెండేళ్ళ తరువాత అతనికి సర్కారు కొలువు వచ్చి, ‘ఎప్పుడైనా శిక్ష గాని జరిమానా గాని పడినదా?’ అన్న పత్రం చేతికిచ్చినప్పుడు ఆ ‘ఆఁ’ గుర్తుకొస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా సమన్లు వస్తే ఒక్క పని చేయండి. అభియోగమేమిటో తెలుగులో విడమర్చి చెప్పమని కోర్టులో అడగమనండి. చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పడం కోర్టు బాధ్యతే. ప్లీడరుకు ఇచ్చుకోలేకపోతే న్యాయసేవాధికార సంస్థ వుంది. స్త్రీలకూ, పిల్లలకూ, షెడ్యూల్డు కులాల, తెగలవారికీ, నిర్బంధంలో వున్నవారికీ ఆదాయంతో పని లేకుండా 1987 చట్టం ప్రకారం ఉచితంగా వకీలును ఇస్తారు. తక్కినవారికి ఆదాయ పరిమితి వుంది. అడగవలసింది మాత్రం జవాబు చెప్పకముందే.