గరగర సరే, మెడ సంగతేంటి?

మూడు వారాల కిందట, ఆదివారం పొద్దున్నే ఫోన్ చూస్తుంటే ఒక ప్రకటన కంటబడింది. నల్ల ఎలక్ట్రిక్ గిటార్, పక్కన 10 వాట్ల బుల్లి ఆంప్, ఒక గుడ్డ బ్యాగు. ధర 9,500. ఊరు రాజోలు. కింద ఒక్కటే లైను: "సౌండ్ కొంచెం గరగరలాడుద్ది. వచ్చి చూసుకుని తీసుకోండి."

నా దగ్గర సరిగ్గా 10,000 ఉన్నాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఎనిమిది నెలలుగా దాచినవి. ఆ డబ్బుతో కొత్త గిటార్, కొత్త ఆంప్ రెండూ రావు. ఇదేమో చేతికందేలా ఉంది. కానీ ఆ "గరగర" దగ్గరే ఆగిపోయాను. గరగర అంటే ఏంటి? దుమ్మా? ఊడిన వైరా? లేక గిటారే పోయిందా? డబ్బంతా పోసి తెచ్చాక పలక్కపోతే గోడకి తగిలించుకోవాలి, మళ్లీ ఎనిమిది నెలలు పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకోవాలి.

మీలో చాలామందికి ఇలాంటిది ఎదురయ్యే ఉంటుంది. గిటార్ కాకపోతే కీబోర్డు, కెమెరా, బైకు. అందుకని ఈ వారం ఆ గిటార్ కథే. ఏం చూశానో, ఎలా చూశానో, చివరికి ఏం చేశానో చెప్తాను.

"కరెంటు గిటారేంట్రా, షాక్ కొడితేనో?" అంది అమ్మ. నవ్వేశాను. కానీ అమ్మ మాటలో నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మా బావకి అమలాపురంలో సెల్ రిపేర్ షాపు ఉంది. ఆదివారం కట్టేస్తాడు. మల్టీమీటరు, స్క్రూడ్రైవర్లు జేబులో వేసుకుని బండెక్కాడు. బోడసకుర్రు దగ్గర వైనతేయ వంతెన దాటి, పాశర్లపూడి, తాటిపాక మీదుగా రాజోలు. దారంతా ఒకటే గొణుగుడు. "మన కోనసీమలో కరెంటు గిటార్‌తో ఏం చేస్తావురా?"

నేను ఊరుకోలేదు. రాజోలు దాటి ఇంకా ముందుకెళ్తే దిండి, అక్కడ వశిష్ఠ మీద చించినాడ వంతెన, అవతల పాలకొల్లు. మాండొలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు అదే, 1969లో. ఆరేళ్లప్పుడు ఆయన చేతికొచ్చింది కొత్త వాయిద్యం కాదు, నాన్నగారి మాండొలిన్. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసేశాడు. మామూలు మాండొలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి, మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలబడాలి కదా. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, దానికి అయిదే ఒంటి తీగలు పెట్టుకున్నాడు. కరెంటు వాయిద్యంతో కర్ణాటక సంగీతం వినిపించినవాడు మన పక్క ఊరివాడే. ఇదంతా చెప్తే బావ, "ఆయన వాయించాడు, నువ్వు వాయించాలిగా" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు.

అమ్మేవాళ్లిల్లు చెరువు పక్క సందులో. తలుపు తీసిన మనిషికి నాకంటే రెండు మూడేళ్లు ఎక్కువుంటాయి. మంచం మీద సూట్‌కేస్ తెరిచి ఉంది. గురువారం హైదరాబాద్ నుంచి కువైట్ ఫ్లైటట. నాలుగేళ్లు చర్చి క్వయర్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించాడట. "రండి, కూర్చోండి. తొందరేం లేదు, అన్నీ చూసుకోండి" అన్నాడు. వాళ్లమ్మగారు టీ పెట్టారు.

ముందుగా చెవికి వినబడే లోపం సంగతి చూశాం. ఆంప్ ఆన్ చేసి వాల్యూమ్ నాబ్ తిప్పితే బరబరా గీకినట్టు చప్పుడు. నాబ్ తిప్పినప్పుడే వచ్చి, వదిలేయగానే ఆగిపోతే అది లోపలి పాట్‌లో చేరిన దుమ్ము, మన ఉప్పుగాలికి పట్టిన చిలుము. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి పదిసార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు పోతుంది. తీగ కొట్టినప్పుడు కాక కేబుల్ కదిపినప్పుడు సౌండ్ వచ్చిపోతుంటే అది జాక్ వదులు. దానికీ ఇదే వైద్యం, కాస్త సోల్డరింగ్. ఇక్కడ రెండూ ఉన్నాయి. ప్రకటనలో చెప్పిన గరగర ఇదే. "ఇది నా షాపులో గంట పని" అన్నాడు బావ.

తర్వాత పికప్‌లు. ఇది స్ట్రాట్ ఆకారం గిటార్, మూడు పికప్‌లు. స్విచ్ ఒక్కో స్థానంలో పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో పికప్ మీద మెల్లగా తట్టాలి. బతికున్నదైతే స్పీకర్లో టక్‌మంటుంది. మధ్యది టక్ మనలేదు. బావ కేబుల్ రెండో కొసకి మల్టీమీటరు పెట్టాడు. సింగిల్ కాయిల్ పికప్ బాగుంటే సుమారు 5 నుంచి 8 కిలో ఓంలు చూపిస్తుంది. మిగతా రెండూ అలాగే చూపించాయి. మధ్యది వందల్లోకి పోయింది. "కాయిల్ తెగిందో, వైరు ఊడిందో విప్పితే గానీ తెలీదు. తెగిందనే లెక్కేసుకో" అన్నాడు. కొనేవాడు ఎప్పుడూ ఆ లెక్కే వేసుకోవాలి.

ఇప్పుడు అమ్మ చెప్పిన షాక్. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు బ్రిడ్జి మీదుగా ఒక వైరుతో ఆంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. అందుకే తీగల మీద చెయ్యి వేయగానే హమ్ తగ్గితే ఆ వైరు బాగున్నట్టు. చెయ్యి వేస్తే హమ్ పెరిగితే అనుమానించాలి. ఇక్కడ తగ్గింది. కానీ గిటార్ బాగున్నంత మాత్రాన సరిపోదు, ప్లగ్గు దగ్గర ఎర్త్ ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో కుక్కి, జనరేటర్ మీద నడిపే పందిళ్లు మనకి కొత్త కాదు. ఆంప్‌కి ఎర్త్ లేక, మైకు వేరే పెట్టెలోంచి వస్తుంటే, తీగలు పట్టుకుని మైకు దగ్గర నోరు పెట్టిన క్షణంలో పెదాలు జివ్వుమంటాయి. ఒకసారి ఫ్రెండ్ గిటార్ పట్టుకుని పాడుతుంటే నాకు అయింది. జివ్వుమనడంతో ఆగింది, అదృష్టం. ఆగకపోతే ప్రాణాలే పోతాయి. పందిట్లో వాయించేవాళ్లు ముందు ఎర్త్ అడగండి, పాటల లిస్టు తర్వాత.

ఇంతవరకు దొరికిన లోపాలన్నీ సోల్డరింగ్ ఇనుముతో పోయేవే. అసలు భయం మెడ గురించి.

ఆరు తీగలు కలిసి మెడని దాదాపు 40 కిలోల బలంతో లాగుతుంటాయి. పాతిక కిలోల బియ్యం బస్తా ఒకటిన్నర కన్నా ఎక్కువ, రాత్రీ పగలూ. దాన్ని ఎదురు లాగడానికి మెడ లోపల ఒక ఇనప కమ్మీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. వానాకాలం తేమకి, ఎండాకాలం వేడికి కర్ర కదులుతూ ఉంటుంది. కదిలినప్పుడల్లా అలెన్ కీతో ఆ రాడ్డు నట్టుని పావు చుట్టు తిప్పి సరిచేసుకుంటారు. అందుకే మెడ కొంచెం వంగి ఉండటం లోపం కాదు. రాడ్డు పనిచెయ్యకపోవడం లోపం.

చూడటం తేలికే. వడ్రంగి చెక్క వంకర చూసినట్టు ఒక కన్ను మూసి తల వైపు నుంచి కిందికి చూడాలి. తర్వాత లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ బాడీలో కలిసే చోట, రెండు చోట్లా నొక్కి పట్టాలి. అప్పుడు ఆ తీగే స్కేలు. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు పట్టేంత సందుంటే బాగున్నట్టు. బావ తన షాపు కార్డు తీశాడు. ఒకటి పట్టింది. రెండు పట్టాయి. మూడోది కూడా దూరింది.

నేను తలెత్తేలోపే ఆయన అన్నాడు. "మెడ వంగిందండి. పోయిన వానాకాలం నుంచీ అంతే. రాడ్డు బిగించాను, చివరికొచ్చేసింది, ఇంక తిరగట్లేదు. గట్టిగా తిప్పితే విరుగుద్దని వదిలేశాను. మీకంటే ముందు ఇద్దరొచ్చారు. ఒకాయన 8,000 ఇస్తానన్నాడు. ఈ సంగతి చెప్పగానే మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు."

అలెన్ కీ నా చేతికిచ్చాడు. ఒకసారి తిప్పి చూద్దామని చెయ్యి దురద పెట్టింది. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. "విరిగితే ఎవరిది?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. కొనకముందు పరాయి వస్తువు మీద బలం చూపించకూడదు.

అప్పుడు గట్టు మీద కూర్చుని లెక్క వేశాం. మా చుట్టుపక్కల సెల్ రిపేర్ షాపు వీధికొకటుంది. గిటార్ మెడ సరిచేసేవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. కాబట్టి మాకు వైరు లోపం చిన్నది, మెడ లోపం పెద్దది. మెడ బాడీకి జిగురుతో అతికించిన గిటార్ అయితే అక్కడే దణ్ణం పెట్టి వచ్చేసేవాళ్లం. ఇది నాలుగు స్క్రూలతో బిగించిన మెడ. విప్పి వేరేది పెట్టుకోవచ్చు, కొలతలు కలిస్తే. టేపు పెట్టి కొలిచాం. నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా 324 మిల్లీమీటర్లు, అంటే మొత్తం 648. మెడ బాడీలో కూర్చునే చోట వెడల్పు 56. స్ట్రాట్ మెడలకి ఇవి మామూలు కొలతలే. ఫోన్‌లో వెతికితే కొత్త మెడ 4,000కి కనబడింది.

బావ లెక్క ఇది: బాగున్న ఆంప్ 2,500. మెడ బాగుంటే గిటార్ 7,000. అందులోంచి మెడకి 4,000, పికప్‌కి, జాక్‌కి 1,000, తుప్పు పట్టిన తీగలకి 500 తీసేస్తే మిగిలేది 1,500. మొత్తం కలిపి 4,000. "అంతకి ఒక్క రూపాయి ఎక్కువొద్దు. గురువారం ఫ్లైటు, ఇచ్చేస్తాడు" అన్నాడు.

లెక్క తప్పు కాదు. ఆ చివరి మాటే మింగుడు పడలేదు. ఇతను నోరు మూసుకుని, తీగలు కాస్త వదులు చేసి, మొదటి రెండు ఫ్రెట్ల మీద నాలుగు కార్డ్స్ వాయించి చూపించి ఉంటే ఎవరో ఒకరు 8,000 పెట్టి పట్టుకుపోయేవారు. చెప్పినందుకే అమ్ముడుపోలేదు. పైగా చెప్పిన లోపానికి ధర కట్టొచ్చు, కొత్త మెడ ఎంతో ఫోన్‌లో చూసుకున్నట్టు. దాచిన లోపానికి ఎవరూ ధర కట్టలేరు. 4,000కి దొరికే మూగ బేరం కంటే, ఏది పోయిందో ఏది బాగుందో తెలిసిన బేరమే నాకు లాభం.

5,000 అన్నాను. ఆయన 6,000 అన్నాడు. 5,500 దగ్గర తెగింది. బావ దారంతా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి విప్పితే మధ్య పికప్ కాయిల్ బాగానే ఉంది, వైరు ఊడిందంతే. బావ రెండు నిమిషాల్లో అతికించాడు, అప్పటికి మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు. నాబ్‌లకి స్ప్రే కొట్టాం, గరగర పోయింది. కొత్త జాక్, కొత్త తీగలు కలిపి 500 దాటలేదు. కొత్త మెడ ఆర్డర్ పెట్టాను. అంతా కలిపితే ఆ 10,000కి కాస్త అటూ ఇటుగా తేలింది.

మీరు కొనేది ఏదైనా సరే, ముందు అడగాల్సింది "ఎందుకమ్ముతున్నారు?" అని. తర్వాత దొరికిన లోపాలని రెండు కుప్పలుగా వేసుకోండి: మన ఊళ్లో బాగయ్యేవి, కానివి. మొదటి కుప్ప ధరలోంచి తీసేయండి. రెండో కుప్పలో భాగం మార్చగలిగితే దాని ఖరీదు మొత్తం తీసేయండి, మార్చలేకపోతే లేచి వచ్చేయండి.

కొత్త మెడ ఇంకా రాలేదు. వంగిన మెడ మీద కూడా పై ఫ్రెట్లలో తీగ మరీ ఎత్తుగా ఉండదు కాబట్టి, అయిదో ఫ్రెట్ దాకా వాయించుకుంటున్నాను. మొన్న కువైట్ నుంచి వాట్సాప్ వచ్చింది.

"మెడొచ్చిందా అండి?"

"లేదండి. అయిదో ఫ్రెట్ దాకా లాగిస్తున్నాను."

"చాలండి. పెళ్లిళ్లలో నేను వాయించిందీ అంతవరకే."