ఓపిక వారసత్వమైతే భూమి ఎందుకు కాదు?

"మన ఆడోళ్ళు గట్టోళ్ళు" అని మార్చి 8న పోస్టులు పెడతాం కదా. అదే రోజు పొదిలి వైపు మిరప చేలకు వెళ్ళి చూడండి. మన యానాది, ఎరుకల, సుగాలి అమ్మలు, అక్కలు ఎండలో వంగి కాయలు కోస్తుంటారు. రాత్రికి చేతుల మంటకు నిద్ర ఉండదు. కల్లంలో తాలు కాయలు ఏరేదీ వాళ్ళే. తల్లి నుంచి కూతురికి పనొచ్చింది, ఓపికొచ్చింది. మరి భూమి?

1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2(2) చదవండి. కేంద్రం నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు అది వర్తించదు. కూతుళ్ళకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్ 1986లో ఇచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది. మన ఆడబిడ్డలు మాత్రం గడప బయటే. 2025 జులై 17న ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, అడ్డుకునే ఆచారం రుజువు కాకుంటే ఆడబిడ్డకూ సమాన వాటా అంది. తీర్పు వచ్చింది, సెక్షన్ మాత్రం అలాగే ఉంది.

"కూతురికిస్తే భూమి బయటోళ్ళ పాలవుతుంది" అంటారు కొందరు పెద్దలు. అలాగైతే ఆంక్ష అమ్మకం మీద పెట్టాలి, కూతురి మీద కాదు. ఏజెన్సీలో 1/70 చేసింది అదే.

సెంటు భూమి లేని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. వాళ్ళకు పట్టా అడిగేటప్పుడు ఆడమనిషి పేరు మీదే అడుగుదాం. ఎకరమో అరెకరమో ఉన్నోళ్ళు ఈ రాత్రి పాస్‌బుక్ తీయండి. అందులో అమ్మ పేరుందా? చెల్లి వాటా ఎంత? ముందు మన ఇంట్లో తేల్చి, తర్వాత సర్కారును నిలదీద్దాం.

జోహార్!