‘పెద్దరోగం’ అని గుసగుసలాడే ముందు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక జబ్బుకు మన తెగల పేర్లే పెట్టిన సంగతి మీలో ఎంతమందికి తెలుసు?

‘యాస్’ అని ఒక చర్మవ్యాధి ఉండేది. ఎక్కువగా చిన్నపిల్లలకు వచ్చేది. ఒకరి పుండు ఇంకొకరికి తగిలితే అంటుకునేది. పట్టించుకోకపోతే ఎముకల దాకా పోయి మనిషిని అవిటి చేసేది. మన దేశంలో దాన్ని ఒక్కోచోట ఒక్కో పేరుతో పిలిచారు. కోయ రోగం అన్నారు, గోండి రోగం అన్నారు, మాడియా రోగం అన్నారు. జబ్బు వచ్చింది క్రిమి వల్ల. నీళ్లు, సబ్బు, రోడ్డు, ఆస్పత్రి అందని చోట అది నిలబడింది. పేరు మాత్రం మనకు తగిలించారు, ఏదో మన రక్తంలోనే పుట్టినట్టు.

అది ఎట్లా పోయిందో కూడా చెప్పుకోవాలి. ఒక్క పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమయ్యే జబ్బు అది. మందు దశాబ్దాలుగా ఉంది, దాన్ని పట్టుకుని గుట్ట ఎక్కే మనిషే కరువయ్యాడు. 1996-97లో ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో పని మొదలుపెట్టారు. తర్వాత అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాల ఆదివాసీ ప్రాంతాల్లో ఇల్లిల్లూ వెతికి, పుండున్న వాళ్లకూ, వాళ్లతో కలిసి మెలిగిన వాళ్లకూ సూదులు వేశారు. 2003 తర్వాత కొత్త కేసు రాలేదు. 2016లో భారతదేశంలో యాస్ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుంది. ఏళ్ల తరబడి ‘మన రోగం’గా చలామణీ అయింది ఏడెనిమిదేళ్లలో పోయిందంటే, అది ఎప్పుడూ మనది కాదన్నమాట.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, ఇంకొకటి మన గూడేల్లో ఇంకా ఉంది. దాని పేరు పలకడానికి కూడా భయపడి ‘పెద్దరోగం’ అంటాం. కుష్టు.

పోయినేడు ఒక గూడేనికి పోయినప్పుడు, ఊరి చివర చేను కాడ గుడిసెలో ఒక అక్కను చూశాను. నలభై ఏళ్లు ఉంటాయేమో. ఎడమచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. నెలకో అట్ట చొప్పున పన్నెండు అట్టలు మాత్రలు మింగింది. ఒక్కటి కూడా తప్పలేదు. డాక్టర్ నయమైందన్నాడు. పళ్లెం, చెంబు, మంచం అన్నీ గుడిసెలోనే. పెద్దబిడ్డ వచ్చి అన్నం గుమ్మం కాడ పెట్టి పోతుంది. “మందులైతే అయిపోయినయి తమ్మీ. ఇంట్లకు ఎప్పుడు రమ్మంటరో” అన్నది.

హోటల్‌లో మనకు వేరే గ్లాసులో చాయ్ పోస్తే ఊరంతా కదిలి ధర్నా చేస్తాం. చేయాల్సిందే. మరి ఆ అక్క పళ్లెం వేరుగా పెట్టింది ఎవరు? బయటోళ్లు కాదు కదా.

అసలు ఈ జబ్బు ఎట్లా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. ఇది కూడా క్రిమే. శాపం కాదు, చేతబడి కాదు, తాతల పాపం అసలే కాదు. 1873లోనే నార్వే డాక్టర్ హాన్సెన్ ఆ క్రిమిని గుర్తుపట్టాడు. మందు వాడని రోగితో చాలాకాలం దగ్గరగా బతికితే సోకొచ్చు. అప్పుడు కూడా నూటికి తొంభై మందికి పైగా ఒంట్లోనే తట్టుకునే శక్తి ఉంటుంది. మందు మొదలుపెట్టాక రోగి ఇంకొకరికి అంటించే అవకాశం తొందరలోనే పోతుంది. అంటే పన్నెండు నెలల మందు అయిపోయిన మనిషిని చేను కాడ ఉంచడం వల్ల ఎవరికీ కాపాడినట్టు కాదు. ఆమెను మాత్రం చంపుతున్నాం.

ఆ క్రిమి చర్మం కిందుండే నరాలను తింటుంది. అందుకే మచ్చ దగ్గర స్పర్శ ఉండదు. దురద పెట్టదు, మంట పెట్టదు. తామర వస్తే గోక్కుంటూ సంతలో మందు కొంటాం. ఇది మాత్రం ఏ ఇబ్బందీ పెట్టదు కాబట్టి ఏళ్ల తరబడి వదిలేస్తాం. ఈలోపు పోడులో కాలికి ముల్లు దిగినా తెలియదు. పొయ్యి మీద గిన్నె దించేటప్పుడు వేళ్లు కాలినా తెలియదు. చెప్పు జారిపోయినా చూసుకోకుండా నడుస్తూనే ఉంటారు. ఆ పుండ్లు ముదిరి వేళ్లు కురచ అవుతాయి. కుష్టు వస్తే వేళ్లు రాలిపోతాయని మన నాయనమ్మలు చెప్పింది ఇదే. రాలగొట్టేది నొప్పి తెలియకుండా ముదిరిన గాయం. జనం ఆ వేళ్లు చూసి భయపడతారు, ఆ భయానికి ఇంకొకరు తన మచ్చ దాచుకుంటారు, రెండు మూడేళ్లకు వాళ్ల వేళ్లూ అట్లనే అవుతాయి.

కాబట్టి మచ్చ చిన్నగా ఉన్నప్పుడే చూసుకోవాలి. చర్మం రంగు కంటే పాలిపోయిన మచ్చ గానీ ఎర్రబారిన మచ్చ గానీ కనబడితే, మనిషిని కళ్లు మూసుకోమని చెప్పి కోడి ఈకతోనో దూది పోగుతోనో దాని మీద మెల్లగా తాకండి. ఎక్కడ తాకారో చెప్పలేకపోతే పీహెచ్‌సీకి తీసుకుపోండి. వీపు మీద మచ్చ ఎవరికి వాళ్లకు కనబడదు, ఇంట్లో వాళ్లే చూడాలి. తెల్లమచ్చ అంతా కుష్టు కాదు, బొల్లి వేరు. స్పర్శ తెలిసినా అనుమానం ఉంటే చూపించుకోవడమే మంచిది.

మందు ఉచితం. మచ్చలు తక్కువుంటే ఆరు నెలలు, ఎక్కువుంటే పన్నెండు. మధ్యలో ఎందుకు ఆపేస్తారో కూడా తెలుసుకోండి. మొదటి మాత్ర వేసుకోగానే మూత్రం ఎర్రగా వస్తుంది. కొన్ని నెలలకు ఒళ్లు నల్లబడుతుంది. ఊళ్లో అందరూ అడుగుతారు. పెళ్లి కావాల్సిన పిల్ల అయితే అమ్మ భయపడి అట్ట తీసి దాచేస్తుంది. ఆ నలుపు మందు వల్ల వచ్చిందే, కోర్సు అయ్యాక నెమ్మదిగా తగ్గుతుంది. మధ్యలో మచ్చలు వాచినా, నరం సలిపినా మందు విషమైందని అనుకోవద్దు. అది రియాక్షన్, వెంటనే డాక్టర్ దగ్గరికి పోతే నరం దక్కుతుంది. ఈ మాటలు ఎవరైనా మన భాషలో కూర్చుని చెబితే చాలామంది ఆపరు. మాత్రల అట్టను బల్ల మీద దూరంగా విసిరి ‘పో’ అనే సిబ్బందిని నేను చూశాను. అట్లాంటి చోటికి రెండోసారి ఎవరు పోతారు?

ప్రభుత్వం తప్పు చిన్నది కాదు. 2005 డిసెంబర్ నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక కేసు కంటే తగ్గిందని లెక్కగట్టి, కుష్టు సమస్య తీరిందని ప్రకటించారు. ఆ తర్వాత ఇల్లిల్లూ వెతకడం సన్నగిల్లింది. ఇప్పటికీ ప్రపంచంలో కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా మన దేశంలోనివే, ఏటా లక్ష దాకా. జనాభాలో ఆదివాసుల వాటా 8.6 శాతం. కొత్త కుష్టు రోగుల్లో మన వాటా అంతకంటే చాలా ఎక్కువ. దేశం సగటు తగ్గితే గుట్ట మీద గూడెం లెక్కలోంచి మాయమవుతుంది.

అందుకని గ్రామసభలో తీర్మానం పెట్టండి. యాస్‌కు తిరిగినట్టు ఇల్లిల్లూ తిరగమనండి. రోగి ఇంట్లో అందరినీ పరీక్షించమనండి, వాళ్లకు ముందుజాగ్రత్తగా ఇచ్చే ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇమ్మని అడగండి. వేళ్లు, కాళ్లు దెబ్బతిన్న వాళ్లను సదరం క్యాంపుకు తీసుకుపోండి. కుష్టు నయమై వైకల్యం మిగిలిన వాళ్లు కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తారు.

ఒక్క సంగతి మాత్రం ఏ ఆఫీసూ చేయలేదు. 2019లో పార్లమెంటు చట్టాలు సవరించి, కుష్టు ఉందన్న కారణంతో విడాకులు కోరే వీలు తీసేసింది. బాగుంది. కానీ హిందూ వివాహ చట్టం మామూలుగా షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. మన పెళ్లిళ్లు, తెగదెంపులు మన ఆచారం ప్రకారం, పటేల్, పెద్దల ముందు జరుగుతాయి. ఆ హక్కు కోసమే కదా ‘మావ నాటే మావ రాజ్’ అంటున్నాం. అయితే ఆ సవరణ మన గడప దాకా రాదు. దాన్ని మన పెద్దలే చేయాలి, మనం వాళ్లను అడగాలి. పెద్దల ముందు మాట్లాడటానికి మొహమాటపడితే నలుగురు కలిసి పోండి.

ఆ అక్క విషయంలో మేము పోయినెల పటేల్ దగ్గర కూర్చున్నాం. మొదట గొణిగారు. డాక్టర్ రాసిన కాగితం చదివి వినిపించాక, కొత్తల పండుగ నాడు ఆమెను అందరితో పాటు పంక్తిలో కూర్చోబెడతామన్నారు. ఇంట్లోకి తీసుకోవడం సంగతి మాత్రం ఆమె భర్త ఇంకా ఏమీ తేల్చలేదు. పండక్కి మళ్లీ పోతున్నాం.