మందలించండి, వెలివేయకండి

ఆన్‌లైన్ గ్రూపులో ఎవరైనా మర్యాద తప్పితే మనం ఏం చేయాలి? దీనికి తెలుగులో మంచి మాటలున్నాయి. మందలించడం అంటే తప్పు చెప్పి సరిదిద్దడం. చీవాట్లు పెట్టడం అంటే గట్టిగా తిట్టడం. వెలివేయడం అంటే మనిషిని మనలో లేనట్టే చూడడం. మన గ్రూపుల్లో మొదటిది ఎవరూ చేయడం లేదు. చీవాట్లు పెట్టి, నేరుగా వెలివేస్తున్నారు. ఇది తప్పని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెప్తాను. నాలాగా బయటి దేశాల్లో పుట్టి తెలుగు నేర్చుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులోకి దక్షిణాఫ్రికా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె పూర్వీకులు చెరుకు తోటల్లో పనికి అక్కడికి వెళ్లారు. ఇప్పుడు వాళ్లింట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. గ్రూపులో ఒక పెద్దాయనకి ఆమె "నువ్వు చెప్పింది నాకు నచ్చింది" అని రాసింది. "మీరు" అనాలి, నిజమే. కానీ ఇంగ్లీషులో తాతకీ తమ్ముడికీ ఒకటే మాట. ఆమెకి ఎలా తెలుస్తుంది?

"పెద్దంతరం చిన్నంతరం లేదా?" అని ఆయన అడిగారు. ఆ మాట ఆమెకి అర్థమై ఉండదు. తర్వాత అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఇంకో గ్రూపుకి పంపారు. మర్నాడు అడ్మిన్ ఆమెను తీసేశారు. ఎందుకో చెప్పలేదు.

అదే గ్రూపులో ఇంకొకాయన ఉన్నారు. ప్రతి వాక్యం చివర "అండి" అంటారు. ఆ "అండి"తోనే ఒకరి కులం అడుగుతారు, ఇంకొకరి యాసని వెక్కిరిస్తారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. మాటలో మర్యాద తప్పలేదు కదా!

తెలియక తప్పు చేసేవాళ్లు వేరు, తెలిసి బాధపెట్టేవాళ్లు వేరు. ఆ తేడా చూడని గ్రూపు ఎంత కఠినంగా ఉన్నా బాగుపడదు.

ఈ తేడాని వికీపీడియా బాగా పట్టుకుంది. ఎవరైనా పేజీ పాడుచేస్తే, మామూలుగా మొదట వాళ్ల చర్చ పేజీలో మెత్తగా ఒక సందేశం పెడతారు. తెలియక చేశారనే అనుకుని రాస్తారు. మళ్లీ చేస్తే హెచ్చరిక గట్టిపడుతుంది. అప్పటికీ ఆగకపోతే నిరోధిస్తారు, తరచుగా కొంత కాలానికే. ఆ నిరోధం శిక్ష కాదు, నష్టం ఆపడానికి అని అక్కడి నియమం. దాని మీద మొరపెట్టుకోవచ్చు కూడా. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే పేజీకి "రచ్చబండ" అని పేరు పెట్టారు. ఊళ్లో చెట్టు కింద పెద్దలు కూర్చుని తగువులు తీర్చే చోటు అది. నాకు ఆ పేరు చాలా ఇష్టం.

కానీ పాత రచ్చబండని ఊరికే పొగడలేను. అక్కడ వెలివేస్తే ఆ ఇంటివాళ్లతో ఎవరూ మాట్లాడరు, నిప్పూ నీళ్లూ ఇవ్వరు, పెళ్లికి పిలవరు. కులం దాటి పెళ్లి చేసుకున్నవాళ్లకి కూడా ఈ శిక్ష వేశారు. "వెలివాడ" అనే మాటలోనూ ఆ "వెలి" ఉంది. అక్కడ ఉన్నవాళ్లు ఏ తప్పూ చేయలేదు. అందుకే ఈ మాట తేలికైనది కాదు.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే పండితురాలు చెరువులు, అడవులు, చేపల వేట లాంటివి ఊళ్లవాళ్లు కలిసి ఎలా కాపాడుకుంటారో చూసి 1990లో ఒక పుస్తకం రాశారు. 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎక్కువ కాలం నిలిచిన చోట్ల శిక్ష చిన్నగా మొదలై, తప్పుని బట్టి పెరుగుతుందని ఆమె చెప్పారు. భాష కూడా ఒక ఊరి చెరువు లాంటిదే కదా.

"అడ్మిన్‌కి జీతం లేదు, ఇంత ఓపిక ఎక్కడిది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బెదిరింపులు, బూతులు వస్తే వెంటనే తీసేయాలి. అక్కడ ఆలస్యం చేస్తే మంచివాళ్లు వెళ్లిపోతారు. కానీ "నువ్వు" బూతు కాదు. "ఆయన్ని మీరు అనాలమ్మా" అని విడిగా ఒక మెసేజ్ పెట్టడానికి అర నిమిషం చాలు.

చదరంగం గ్రూపులోంచి తీసేస్తే ఇంకో చదరంగం గ్రూపు దొరుకుతుంది. ఆ అమ్మాయికి తెలుగు మాట్లాడే చోటు ఇంకొకటి ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి నా సలహా ఇది. మొదట విడిగా చెప్పండి. వినకపోతే అందరి ముందూ చెప్పండి. అప్పటికీ వినకపోతే తీసేయండి, కానీ కారణం చెప్పి, మళ్లీ ఎప్పుడు రావచ్చో కూడా చెప్పండి. "అండి" అంటూ కులం అడిగేవాళ్లకీ ఇదే వరస.