సాయం బహిరంగం, జాబితా రహస్యమా?

సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచారం నిరాకరణకు వీలిచ్చే 8(1)(జె) నిబంధనలోని షరతులను తొలగించే సవరణను కేంద్రం 2025 నవంబరులో అమల్లోకి తేవడంతో, మొంథా తుపానుకు పంట పోయినవారికి ఎకరాకు రూ.10 వేలు ప్రకటించిన తెలంగాణలో ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందని అడిగే పౌరుడి హక్కుకే ఎసరు వచ్చింది. చట్టప్రకారం వెల్లడించవలసిన వివరాలు ఎప్పటిలాగే వెల్లడవుతాయని, ఈ సవరణను తెచ్చిన డేటా పరిరక్షణ చట్టంలోని 3వ సెక్షనే అందుకు హామీ అని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ అదే ఏడాది ఏప్రిల్‌లోనే సెలవిచ్చారు. ఈ సవరణకు మద్దతుగా వినవచ్చిన మాటల్లో ఇంతకు మించి నిజాయితీ లేనిది మరొకటి లేదు.

విపత్తు నిధి నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట దెబ్బతిన్న రైతుకు, అతడు పెట్టిన ఖర్చులో కొంత తిరిగి అందేలా ఇచ్చే మొత్తానికి పెట్టుబడి రాయితీ అని పేరు. రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ శాసిస్తున్నది కనుక మంత్రి మాట కాగితం మీద నిలుస్తుంది. అయితే జాబితా ప్రకటించని కార్యాలయానికి ఆ సెక్షన్ కింద జరిమానా లేదు. అడిగినా సమాచారం ఇవ్వని అధికారికే 20వ సెక్షన్ జరిమానా వేస్తుంది. ఇప్పుడు ఆ అధికారి చేతికే 8(1)(జె) కవచంగా అందింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వివరాలను, వ్యక్తి ఆంతరంగికతలోకి అకారణంగా చొరబడే వివరాలను మాత్రమే, అదీ విస్తృత ప్రజాప్రయోజనం లేనప్పుడే, నిరాకరించడానికి పాత నిబంధన వీలిచ్చేది. శాసనసభకు నిరాకరించలేనిదాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం దాని వెన్నంటే ఉండేది. షరతులూ పోయాయి, ఆ వాక్యమూ పోయింది. మిగిలింది ‘వ్యక్తిగత సమాచారం’ అన్న ఒక్క మాట. రైతు పేరు, అతనికి ముట్టిన సొమ్ము వ్యక్తిగతం కావని ఏ గుమస్తా అంటాడు? ప్రజాప్రయోజనం కోసం వెల్లడించవచ్చనే 8(2) సెక్షన్ మిగిలే ఉన్నా, ఆ ప్రయోజనాన్ని తూచే తక్కెడ కూడా ఆ అధికారి చేతిలోనిదే.

ఉపాధి హామీ కూలీ ఎన్ని రోజులు పనిచేసిందో, ఎంత కూలి తీసుకుందో సామాజిక తనిఖీ పేరిట ఊరందరి ముందు చదివిన ప్రభుత్వాలకు అప్పుడెన్నడూ ఆంతరంగికత గుర్తుకు రాలేదు. శామీర్‌పేట పక్కనున్న మూడుచింతలపల్లిలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన భూరికార్డుల పోర్టల్ ధరణి కూడా పట్టాదారుల పేర్లను లోకానికి చూపింది.

ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు బయటపడితే మోసగాళ్లకు చిక్కుతాయన్న భయం న్యాయమైనదే. వాటిని మూసివేసి మిగిలినది ప్రకటించవచ్చు.

పట్టాదారు నగరంలో, సాగుదారు పొలంలో ఉండే మేడ్చల్ పరిసరాల్లో, పరిహారం నష్టపోయిన కౌలుదారుకు చేరిందో లేదో జాబితా లేకుండా తేలదు. ప్లాట్లుగా మారిన భూమికి ముట్టిన రూ.16 లక్షలకు పైగా రైతుబంధు పెట్టుబడి సాయాన్ని తిరిగి కట్టాలని ఘట్‌కేసర్ మండలంలో 2024లో నోటీసు వెళ్లిందంటే, ఏటా జాబితా ఊళ్లో అంటించి ఉంటే మొదటి విడతలోనే ఎవరో ఒకరు వేలెత్తి చూపేవారు. పంచాయతీలన్నీ పురపాలికల్లో కలిసిపోయిన మేడ్చల్ జిల్లాలో జాబితా చదివి వినిపించడానికి గ్రామసభ కూడా మిగలలేదు. కేంద్ర సవరణ రాష్ట్రం చేతులు కట్టేయలేదు కనుక, సర్వే నంబరు, సాగుదారు పేరు, నష్టశాతం, చెల్లించిన మొత్తంతో కూడిన పట్టికను వ్యవసాయ శాఖ ప్రతి రైతు వేదిక గోడపైనా చెల్లింపు జరిగిన వారంలోగా అంటించాలి.