మాట ఇచ్చినవాడు ఒకడు, తప్పినవాడు ఇంకొకడు



మొన్న రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందో తెలియక మోటరు షెడ్డు దగ్గరే మంచం వేసుకుని ఫోన్లో ఒక పాత ఇంగ్లీషు సినిమా చూశాను. పేరు 'ఫోర్ట్ అపాచీ'. 1948లో జాన్ ఫోర్డ్ తీశాడు, బ్లాక్ అండ్ వైట్. గుర్రాలు, తుపాకులు, దుమ్ము. 1971లో కృష్ణగారి 'మోసగాళ్ళకు మోసగాడు'కి ఈలలు వేసినవాళ్ళకి ఈ వాటం సినిమా కొత్తేం కాదు. కానీ నేను రాసేది ఫైటింగుల గురించి కాదు, అందులో ఒక మాట గురించి.

అరిజోనా ఎడారిలో ఒక కోట. థర్స్‌డే అనే కల్నల్ (హెన్రీ ఫోండా) కొత్తగా అధికారిగా వస్తాడు. పుస్తకం చదివినవాడే గానీ ఆ నేల తెలియనివాడు. కెప్టెన్ యార్క్ (జాన్ వేన్) అక్కడ పాతకాపు. అపాచీలను ప్రభుత్వం ఒక హద్దులో పెట్టి, వాళ్ళ మీద ఒక ఏజెంటుని పెట్టింది. వాడు వాళ్ళకి పాడు సారా అమ్ముతాడు. బైబిళ్ళని రాసున్న పెట్టెల్లో సారా దాస్తాడు. ఆ బాధ పడలేక నాయకుడు కొచీస్ తనవాళ్ళను తీసుకుని మెక్సికో దాటిపోతాడు. కల్నల్ ఆ పెట్టెలు కళ్ళారా చూస్తాడు, ఏజెంటుని అసహ్యించుకుంటాడు. అయినా ప్రభుత్వ మనిషి అని వాడినే కాపాడతాడు.

యార్క్ ఒక్క మనిషిని తోడు తీసుకుని సరిహద్దు దాటి వెళ్తాడు. నువ్వు తిరిగి రా, న్యాయంగా మాట్లాడుకుందాం అని మాటిస్తాడు. కొచీస్ నమ్మి వస్తాడు. వచ్చినవాడి మీదికి కల్నల్ సైన్యాన్ని తీసుకెళ్తాడు. నా మాట పోతుందయ్యా అని యార్క్ అంటే, అలాంటివాడికిచ్చిన మాట మాటే కాదంటాడు.

ఇక యుద్ధం. దూరంగా దుమ్ము లేస్తుంది. అదిగో శత్రువు అంటాడు కల్నల్. అది ఆడవాళ్ళూ పిల్లలూ కొమ్మలు ఈడ్చి లేపుతున్న దుమ్ము, మగవాళ్ళు రాళ్ళ చాటున ఉన్నారు అంటాడు యార్క్. నువ్వు చూశావా అని అడిగితే, చూడలేదు, కొచీస్ స్థానంలో నేనుంటే అక్కడే ఉంటాను అంటాడు. కల్నల్ వినడు. దండంతా పోతుంది, తనూ పోతాడు. వెనక బండ్ల దగ్గరికి తోసేసిన యార్క్‌ను మాత్రం కొచీస్ వదిలేస్తాడు. మాట విలువ తెలిసినవాడు ఎవరో అక్కడ తేలిపోయింది.

కొచీస్ కల్పన మనిషి కాదు. 1861లో ఒక సైనికాధికారి మాట్లాడదామని పిలిచి, ఆయన చేయని పిల్లవాడి అపహరణ అంటగట్టి పట్టుకోబోయాడు. ఆయన గుడారం కోసుకుని తప్పించుకున్నాడు. రెండు వైపులా బందీలను చంపారు. దాంతో పదేళ్ళకు పైగా పోరు. 1872లో జనరల్ హోవర్డ్ వెళ్ళి సంధి చేసి, వాళ్ళ సొంత కొండల్లోనే చోటిచ్చాడు. 1874లో కొచీస్ పోయాడు. 1876లో ఆ చోటు రద్దు చేసి ఆయన జనాన్ని శాన్ కార్లోస్‌కి తరలించారు. ఒకరు సంతకం పెట్టారు, ఇంకొకరు కొట్టేశారు.

ఇది మనకి తెలియని సంగతా? ఒక ఏడు నాతో విత్తన మొక్కజొన్న వేయించిన కుర్రాడు 'రేటుకి నాదీ పూచీ బాబాయ్' అన్నాడు. మంచివాడే. కంకులు కోసేసరికి పైవాళ్ళు ఆ రేటు మాకు తెలియదన్నారు. కుర్రాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు గానీ, నా డబ్బు రాలేదు.

సినిమా చివర నాకు మింగుడుపడలేదు. కొన్నేళ్ళకి యార్కే అధికారి. కల్నల్ వీరుడిలా ముందుకురికే పెద్ద బొమ్మ ఒకటి గీశారట, పత్రికలవాళ్ళు పొగుడుతుంటారు. యార్క్ అంతా నిజమే అంటాడు. మళ్ళీ అపాచీల మీదికే బయలుదేరతాడు. చనిపోయిన సిపాయిల పరువు కోసం అలా అన్నాడని కొందరంటారు. సిపాయిల పరువు నిలబెట్టడానికి కల్నల్ తప్పు దాచాలా? తప్పు దాచితే రేపు ఇంకో థర్స్‌డే వస్తాడు, ఆ బొమ్మ చూసి నేర్చుకుని మరీ వస్తాడు. ఫోర్డ్ మాత్రం మనకి రెండు గంటలు నిజం చూపించి, ఆ తర్వాతే అబద్ధం వినిపించాడు. తేల్చుకునే పని మనకి వదిలాడు.

నేను తేల్చుకున్నదిది. ఎదుటివాడు మంచివాడా అని అడిగితే చాలదు. నీ పైవాడు కాదంటే నీ మాట ఏమవుతుంది, ఆ పైవాడి సంతకం ఏది అని కూడా అడగాలి. అడిగినందుకు మంచివాడు నొచ్చుకోడు. మీరేమంటారు?