వాంతికి ముందే మందు

భోజనం చేస్తూ పత్రిక చదివే అలవాటున్న పాఠకులు ఈ వారం నా పేజీని కాసేపు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కున్న తర్వాత చదవవలసిందిగా మనవి. ఏమంటే, ఈసారి నేను ముచ్చటించబోయేది వాంతుల గురించి. నలుగురిలో ఈ మాట ఎత్తడం మర్యాద కాదని మనవాళ్ల ఉద్దేశం. ఆ మర్యాదవల్లనే కాన్సరు రోగులు కొందరు పడనక్కరలేని బాధ పడుతున్నారు. అందుకే ఎత్తుతున్నాను.

మా వీధిలో ఒక పెద్దావిడ వుంది. వరసకు ఏమీ కాకపోయినా అందరం పిన్నిగారనే పిలుస్తాం. ఆవిడకు రొమ్ము కాన్సరు ఆపరేషనయి, కీమోథెరపీ మొదలుపెట్టారు. కొడుక్కి సెలవు దొరకని రోజున నేను తోడు వెళ్లాను. దారిలో ఆవిడ మెల్లిగా అన్నది:

"కిందటిసారి మూడోనాటినుంచి ఒకటే వాంతులు, నాయనా. అబ్బాయికి చెప్పలేదు. డాక్టరుగారితో అంటే, ఒంటికి పడటంలేదని అసలు మందే తగ్గించేస్తారేమో! అయినా వాంతులైతే మంచిదేట. మందు లోపల పనిచేస్తోందన్నమాట."

ఈ మాట మీరూ ఎక్కడో వినే వుంటారు. చిన్నప్పుడు ముక్కు మూసి ఆముదం తాగించిన నాటినుంచీ మనకొక నమ్మకం: బాధపెట్టే మందే గుణమిచ్చే మందని. కాని వాంతికీ, కాన్సరు తగ్గడానికీ సంబంధం లేదు. ఒక్క డోకైనా రానివారికీ మందు పనిచేస్తుంది. పేగులు బయటపడేలా కక్కుకున్నవారికీ పనిచెయ్యకపోవచ్చు.

అసలీ వాంతి ఎలా పుడుతుందో చూడండి. కీమో మందు రక్తంలో తిరుగుతూ చిన్నపేగు గోడలోని కొన్ని కణాలను గాయపరుస్తుంది. అవి సెరొటోనిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. అక్కడి నరాల కొసలు దాన్ని పసిగట్టి, 'లోపల విషం పడింది, బయటికి తోసెయ్యండి' అని మెదడుకు కబురంపుతాయి. పాపం, మెదడు తన ధర్మం తాను నిర్వర్తిస్తుంది. ఇది మొదటి 24 గంటల నాటకం. రెండోనాటినుంచి అయిదోనాటిదాకా రెండో అంకం. అందులో ముఖ్యపాత్ర 'సబ్‌స్టెన్స్ పి' అనే మరో పదార్థానిది.

సిస్ప్లాటిన్ అనే కాన్సరు మందుకు అమెరికాలో 1978లో అనుమతి వచ్చింది. ఘనమైన మందే. కాని ముందు జాగ్రత్త లేకుండా ఎక్కిస్తే నూటికి తొంభైమందికి పైగా వాంతులు. ప్రాణం నిలిపే మందును, ఈ బాధ పడలేక, రోగులే వద్దనుకున్న రోజులున్నాయి. 1991లో అక్కడ ఒండాన్‌సెట్రాన్ వచ్చింది. నరం కొస మీద సెరొటోనిన్ కూర్చునే చోటును ఇది ముందే ఆక్రమించుకుంటుంది. బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు పట్టినట్టన్నమాట! రెండో అంకం కోసం 2003లో అప్రెపిటాంట్ వచ్చింది. వీటికి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడును జతచేస్తారు.

తుండుగుడ్డ ముందుగా వేస్తేనే సీటు. జనం ఎక్కి కూర్చున్నాక వేసి ఏం లాభం? వాంతి మందు రహస్యమంతా ఇంతే. వాంతి వచ్చాక ఆపడం కష్టం; రాకుండా ఆపడం సులువు.

పిన్నిగారి కథలో కిటుకూ అక్కడే వుంది. నేను డాక్టరుగారితో విషయం చెప్పేశాను. ఆయన, "రెండోరోజూ మూడోరోజూ మాత్రలు వేసుకున్నారా, అమ్మా?" అని అడిగారు.

"మొదటిరోజు హాయిగానే వున్నాను గదండీ. ఊరికే దండగెందుకని స్టీలు డబ్బాలో దాచాను."

"వాన వెలిశాక తెరుద్దామని గొడుగు దాచుకున్నారన్నమాట" అని ఆయన నవ్వారు. కీమో మందు తగ్గించలేదు. వాంతి మందే పెంచారు, రాత్రిపూట ఒలాంజపైన్ అనే చిన్న మాత్ర చేర్చి. ఆ సాయంత్రం కొడుకు ఫోనులో దాని పుట్టుపూర్వోత్తరాలు వెదికి, "ఇది మతి చెడినవాళ్లకిచ్చే మందు గదా!" అని కంగారుపడ్డాడు. నిజమే, అది మనోవ్యాధులకూ ఇస్తారు. తక్కువ మోతాదులో ఈ వికారానికీ చక్కగా పనిచేస్తుంది. ముంబయి టాటా మెమోరియల్ వారు 2024లో ప్రకటించిన పరీక్షలో, 10 మిల్లీగ్రాముల మాత్ర చేసే పని 2.5 మిల్లీగ్రాములూ చేసిందనీ, పగటి మత్తు బాగా తగ్గిందనీ తేలింది.

డాక్టరుగారు మరో ప్రశ్న వేశారు: "కడుపుతో వున్నప్పుడు వేవిళ్లు ఎక్కువగా పడ్డారా? బస్సెక్కితే తిప్పుతుందా?" పిన్నిగారు తెల్లబోయింది. దానికీ దీనికీ లంకె వుంది మరి. ఆడవాళ్లకు, వయస్సు తక్కువవారికి, వేవిళ్లు ఎక్కువగా పడ్డవారికి, ప్రయాణాలు పడనివారికి ఈ వాంతుల బెడద ఎక్కువ. ఆపరేషనుకు వెళ్లేవారు కూడా బస్సు సంగతి మత్తుమందు డాక్టరుగారి చెవిన వెయ్యాలి. ఆయన ముందుగానే తగిన మందిస్తారు.

అల్లం, నిమ్మకాయ వాసన వద్దనను. రాసిన మందుకు బదులు మాత్రం కావు. పక్కింటివారి మాత్రలు తెచ్చుకోవద్దు. ఒండాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం, తలనొప్పి రావచ్చు. గుండె లయలో తేడా వున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఒక పూటంతా గుక్కెడు నీళ్లయినా కడుపులో నిలవకపోతే, మూత్రం తగ్గిపోతే, వాంతిలో నెత్తురు కనిపిస్తే, తెల్లవారేదాకా ఆగక ఆస్పత్రికి కబురు చెయ్యాలి.

ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతుంటే ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఏనాడు వికారం, ఎన్నిసార్లు వాంతి, ఏ మాత్ర ఎప్పుడు వేశారు, అంతే. దాన్ని ప్రతిసారీ డాక్టరుగారి ముందు పెట్టండి. ఓర్పు గొప్ప గుణమే, కాదనను. కాని మందున్న బాధను మౌనంగా ఓర్చుకుని, ఆఖరికి విసిగి వైద్యమే మానుకుంటే, ఆ ఓర్పు ప్రాణం మీదికి తెస్తుంది.